కరోలినా బ్యారన్లలో కందుకూరు సెగ

రాలీ నుంచి వాయవ్యంగా గంటకు పైగా కారు నడిపితే కాస్వెల్ కౌంటీ వస్తుంది. రోడ్డు పక్క పొలాల్లో, చెట్ల మధ్యలో కిటికీల్లేని చిన్న చిన్న దుంగల కట్టడాలు కనిపిస్తుంటాయి. పైన తుప్పుపట్టిన రేకులు. కొన్ని పక్కకు ఒరిగిపోయాయి, కొన్నింటిని తీగలు పూర్తిగా మింగేశాయి. ఇవి పాత పొగాకు బార్న్‌లు. మన రైతులు బ్యారన్ అనేది వీటినే. ఎనిమిదేళ్లుగా శనివారం ఉదయాల్లో కెమెరా పట్టుకుని వీటి వెంట తిరుగుతున్నాను.

చాలాకాలం బయటి నుంచే తీశాను. తుప్పు మీద ఉదయపు ఎండ, మంచులో ఒంటరి బార్న్... ఇలాంటివి. స్నేహితులు మెచ్చుకునేవారు. నేను కందుకూరు దగ్గర పొగాకు రైతు కొడుకునే. అయినా తలుపు తీసి లోపలికి చూడాలని ఎప్పుడూ అనిపించలేదు. సంక్రాంతి దాటిందంటే మా ఇంట్లో ఎవరికీ సరైన నిద్ర ఉండేది కాదు. నేను చదువుకుని బయటపడింది ఆ పని నుంచే.

ఒక నవంబరులో మా నాన్న మా దగ్గరికి వచ్చి ఉన్నారు. టీవీ, పార్కు, గుడి అయిపోయాక ఆయనకు ఏమీ తోచడం లేదు. ‘నీ ఫొటోల పనికి నేనూ వస్తా పద’ అన్నారు. చెట్ల మీద ఊదా రంగు గీతలుంటే ఆ స్థలంలోకి అనుమతి లేకుండా రాకూడదని ఈ రాష్ట్రంలో అర్థం. అందుకే ముందు ఇంటి తలుపు తట్టాం. ఎనభై దాటిన తెల్ల రైతు బయటికొచ్చి, చూసుకోండి, కందిరీగలతో మాత్రం జాగ్రత్త అన్నాడు.

నేను ట్రైపాడ్ బిగిస్తుంటే నాన్న కప్పు వైపు చూడనే లేదు. బార్న్ చుట్టూ తిరుగుతూ నేల వైపు చూస్తున్నారు.

‘పొయ్యి నోరు ఎటుందిరా?’

నాకు తెలియదు. ఎనిమిదేళ్లలో నాకు ఆ ప్రశ్నే రాలేదు. వెనక గోడ కింద ఆకుల్ని కాలితో తోసి ఆయనే కనిపెట్టారు. సగం మట్టిలో పూడిన రాతి పొయ్యి. రేకు గొట్టాలు ఎప్పుడో తీసేశారు. గోడకున్న కన్నాలను బట్టి సెగ ఎటు పోయి ఎటు తిరిగి వచ్చేదో నేల మీద పుల్లతో గీసి చూపించారు. లోపల ఒకదాని పైన ఒకటిగా ఐదు వరసల వాసాలు. ఆకు కట్టిన కర్రలు ఏళ్ల తరబడి రాసుకుని వాసాలు నున్నగా అయిపోయాయి. తలుపు చెక్క మీద పెన్సిల్ గీతలు. ‘ఎన్ని బ్యారన్లు కాల్చాడో లెక్క రాసుకున్నాడు, మన తలుపు మీదా ఉండేవిగా’ అన్నారు. నాకు గుర్తులేదు.

ఇంతలో ఆ పెద్దాయన కర్ర పట్టుకుని వచ్చాడు. నాన్నకు ఇంగ్లిష్ రాదు. గోడను తట్టి, ‘హండ్రెడ్?’ అన్నారు. ఆయన తలూపాడు. చెయ్యి పైకెత్తి, ‘వన్ సిక్స్‌టీ ఫైవ్?’ అంటే పెద్దాయన నవ్వేశాడు. మా ఊళ్లోనూ బ్యారన్ వేడి ఫారన్‌హీట్‌లోనే చెప్పుకుంటారు. మొదట వంద డిగ్రీల లోపు ఉంచి ఆకును పసుపుకు తిప్పాలి. తర్వాత మెల్లగా పెంచుతూ ఆకును, చివరికి 160 దాటించి ఈనెను ఆరబెట్టాలి. ఐదారు రోజులు, వారం పని. తొందరపడితే ఆకు పచ్చగా ఉండిపోతుంది. ఆలస్యమైతే నల్లబడుతుంది. అందుకే రాత్రిళ్లు పొయ్యి దగ్గరే పడక. ఇద్దరూ నిద్ర ఆపుకోవడం ఎలాగో సైగలతో చెప్పుకున్నారు. నేను దుబాసీగా పెద్దగా అవసరపడలేదు.

తిరిగి వస్తుంటే కారులో నాన్న ఒక మాట చెప్పారు. నేను ఇంటర్ చదివేటప్పుడు ఒక రాత్రి కర్ర జారి గొట్టం మీద పడి బ్యారన్ మొత్తం అంటుకుందట. ఆ ఏడాది నా హాస్టల్ ఫీజు నెల ఆలస్యంగా వచ్చింది. కారణం నాకు తెలిసింది పాతికేళ్ల తర్వాత, హైవే 86 మీద.

ఈ పద్ధతి పుట్టింది కాస్వెల్‌లోనే అంటారు. 1839లో అబిషా స్లేడ్ అనే భూస్వామి దగ్గర బానిసగా ఉన్న స్టీఫెన్ రాత్రి కునుకు తీశాడు. మంట చల్లారిపోతుంటే కంగారుపడి కొలిమి బొగ్గులు తెచ్చి వేశాడు. ఆకు బంగారు రంగుకు తిరిగింది. డబ్బు, పేరు యజమానికి దక్కాయి. తర్వాత మంట బయట, సెగ మాత్రం గొట్టాల్లో లోపలికి వెళ్లే పద్ధతి స్థిరపడింది. 1920ల్లో గుంటూరు ప్రాంతానికి వచ్చిన వర్జీనియా పొగాకుతో పాటు ఈ బ్యారన్ కూడా వచ్చింది. గోడలు ఇటుకవయ్యాయి, పేరు కాస్త మన నోటికి తగ్గట్టు మారింది.

ఇక్కడ గ్యాస్‌తో, ఫ్యాన్లతో నడిచే ఇనుప పెట్టెల్లాంటి బల్క్ బార్న్‌లు వచ్చాక దుంగల బార్న్‌ల పని అయిపోయింది. 1938 నాటి కోటా విధానం 2004లో రద్దయ్యాక చాలామంది చిన్న రైతులు పంటే మానేశారు. మన దగ్గర పొగాకు బోర్డు ఇప్పటికీ బ్యారన్ లెక్కనే పంట కేటాయిస్తోంది. పొగాకు మంచిదని నేను అనను. దాని వల్ల పోయే ప్రాణాలు తెలిసినవే. 2015లో ధర పడిపోయి ప్రకాశం జిల్లాలో ఉరితాళ్లు పట్టిన రైతులూ తెలుసు. అయినా మనవాళ్లు ఎందరో పనిచేసే డర్హమ్‌లోని అమెరికన్ టొబాకో క్యాంపస్ ఒకప్పుడు సిగరెట్ ఫ్యాక్టరీయే. ఫ్యాక్టరీని ఆఫీసులుగా మార్చి నిలబెట్టారు. బార్న్‌లను ఎవరూ ఏమీ చేయరు, అవే కూలిపోతాయి.

చూడాలనుకునే వారికి డర్హమ్‌లోని డ్యూక్ హోమ్‌స్టెడ్ సులువు. పిల్లలతో వెళ్లొచ్చు, అక్కడ క్యూరింగ్ బార్న్ ఉంది. పల్లెల్లో తిరగాలంటే డిసెంబరు, ఫిబ్రవరి మధ్య మంచిది. తీగలు ఎండి గోడలు కనిపిస్తాయి, పాముల భయం తక్కువ. లోపల చీకటి కాబట్టి ట్రైపాడ్ తప్పదు. ఒరిగిన బార్న్‌లోకి మాత్రం ఎంత మంచి ఫొటో దొరికేలా ఉన్నా వెళ్లకండి.

ఇప్పుడు నేను ప్రతి బార్న్‌కూ ముందు పొయ్యినే తీస్తున్నాను. తర్వాత వాసాలు, తలుపు మీది గీతలు. కప్పు చివర. అవన్నీ నాన్నకు వాట్సాప్‌లో పంపిస్తాను. ‘దీనికి గొట్టాలు మరీ దగ్గరగా పెట్టాడు’ అంటూ తప్పులు పడతారు.

మా బ్యారన్‌ను పదేళ్ల క్రితం పడగొట్టి ఇటుకలు అమ్మేశారు. ఒక్క ఫొటో లేదు. మొన్న సంక్రాంతికి మా బాబాయి కొడుకు చేత ఊళ్లో మిగిలిన బ్యారన్లను ఫొటోలు తీయించాను. ఒకదాన్ని చూసి ఇదే మనది అనుకుని నాన్నకు ఫోన్ చేశాను.

‘అది కాదురా. మనదానికి పొయ్యి ఉత్తరం వైపు’ అన్నారు.