మిద్దె మీది నుంచి సెకను లెక్క

కదిలే చుక్కను చూడడం వేరు, అది దాటిన సెకనును రాసిపెట్టడం వేరు

హోసూరు, కృష్ణగిరి ఆకాశంలో కనిపించే ఉపగ్రహాల మీద ముఖచిత్ర కథనం కావాలి, గురువారానికల్లా పేజీలు ముగియాలి అన్నారు ఎడిటర్‌గారు. రాకెట్ల ఫొటోలు బోలెడు దొరికాయి. నన్ను కట్టిపడేసింది మాత్రం దాదాపు అన్నీ అంకెలే ఉన్న రెండు వరుసలు. వరుసకు 69 గళ్లు. ఉపగ్రహాల వెంటపడేవాళ్లు వీటిని ‘టీఎల్‌ఈ’ (టూ-లైన్ ఎలిమెంట్) అంటారు. అమెరికా సైన్యం లెక్కగట్టి బయటపెట్టే ఈ వరుసల మీదే ఉపగ్రహాల జాడ చూపే మన ఫోన్లలోని యాప్‌లు నడుస్తాయి.

నా ముందున్నది అంతర్జాతీయ అంతరిక్ష కేంద్రం తాలూకు 2008 నాటి టీఎల్‌ఈ. మొదట 25544, ఉపగ్రహాల జాబితాలో దాని నంబరు. పక్కన 98067ఏ, అంటే 1998లో 67వ ప్రయోగంలో మొదటి వస్తువు. తర్వాత 08264.51782528. అది 2008లో 264వ రోజు, సెప్టెంబరు 20. చుక్క తర్వాతి భాగాన్ని గంటల్లోకి మార్చి మన టైముకు తెస్తే సాయంత్రం 5 గంటల 55 నిమిషాల 40 సెకన్లు. ఆ క్షణానికి కేంద్రం ఎక్కడుందో తక్కిన అంకెలు చెబుతాయి. రెండో వరుసలో 51.6416 కక్ష్య వాలు, డిగ్రీల్లో. చివరలో 15.72125391, రోజుకు తిరిగే చుట్లు. 1440 నిమిషాలను దానితో భాగిస్తే చుట్టుకు 91 నిమిషాల 36 సెకన్లు.

ఆఖరి గడిలోని 7 ఆ వరుసకు కాపలా. మిగతా అంకెలన్నీ కూడి చూశాను, 197 వచ్చింది. ఒకట్ల స్థానంలో 7, సరిపోయింది. ఒక్క అంకె మారినా ఇక్కడ పట్టుబడుతుంది. సంవత్సరానికి రెండే గళ్లు కాబట్టి 57 నుంచి 99 దాకా పోయిన శతాబ్దం, 00 నుంచి 56 దాకా ఈ శతాబ్దం. స్పుత్నిక్ ఎగిరింది 1957 అక్టోబరు 4న. అంతకుముందు లెక్కపెట్టడానికి ఉపగ్రహమే లేదు.

ఈ వరుసలకు ఆయుష్షు తక్కువ. పైనున్న పలచటి గాలి రాపిడికి కేంద్రం కిందికి దిగుతూ ఉంటుంది, అప్పుడప్పుడు ఇంజన్లు మండించి ఎత్తు పెంచుకుంటుంది. కొద్దిరోజులకే లెక్క తప్పుతుంది. మిద్దె మీది మనిషికి పని పడేది అక్కడే. ఫలానా నక్షత్రం పక్కగా ఫలానా సెకనుకు దాటిందని రాసిపెడితే లెక్క సరిచూడడానికి అది ఆధారం. కేంద్రం సెకనుకు ఏడున్నర కిలోమీటర్లకు పైగా పోతుంది, గడియారం ఒక్క సెకను తప్పితే లెక్కా అంత దూరం తప్పుతుంది. టైటాన్ వాచీలు తయారయ్యే హోసూరుకు సెకను విలువ ఒకరు చెప్పాలా! అందుకే యాప్ బాణం చూపినవైపు తలెత్తి చూసి దిగిపోవడం నాకు చాలదనిపిస్తుంది.

ఉపగ్రహాల కోసం తలెత్తిన మామూలు మనుషుల చరిత్ర క్లుప్తంగా: 1956లో అమెరికా ఖగోళ శాస్త్రవేత్త ఫ్రెడ్ విపుల్ ఉపగ్రహాలను కనిపెట్టి చూసేందుకు ఔత్సాహికులతో ‘మూన్‌వాచ్’ మొదలుపెట్టారు. 1966లో ఇంగ్లండులోని కెటరింగ్ స్కూలు మాస్టారు జెఫ్రీ పెర్రీ, తన విద్యార్థులతో కలిసి, సోవియట్లు దాచిన ప్లెసెట్స్క్ ప్రయోగ కేంద్రాన్ని పసిగట్టారు. 1979లో అమెరికా అంతరిక్ష కేంద్రం స్కైలాబ్ నెత్తిన పడుతుందని తెలుగు పల్లెలు హడలిపోయాయి. 2005లో మూగబోయిన నాసా ‘ఇమేజ్’ ఉపగ్రహం సంకేతాన్ని 2018లో కెనడా ఔత్సాహికుడు స్కాట్ టిల్లీ పట్టుకున్నారు.

పెద్ద దేశాల రాడార్లు చెప్పిన లెక్కను మామూలు మనిషి తన కంటితో, తన వాచీతో సరిచూడగల చోటు ఇదొక్కటే నాకు కనిపించింది. మన బడుల్లో పిల్లలకు ఈ రెండు వరుసలు చదవడం నేర్పాలి. కూడికా భాగహారమూ వస్తే మొదలుపెట్టవచ్చు.

మీరే చూడాలంటే
పొద్దు గుంకాక గంటన్నర, తెల్లవారకముందు గంటన్నర మంచి సమయం. మనకు చీకటి పడినా, సుమారు 400 కిలోమీటర్ల ఎత్తున అంతరిక్ష కేంద్రం మీద ఇంకా ఎండ ఉంటుంది. భూమి నీడలోకి పోతే నడిమధ్యలోనే మాయమవుతుంది. మినుకుమినుకుమంటూ ఎర్రదీపం కనిపిస్తే అది విమానం. సిప్‌కాట్ పారిశ్రామికవాడ దీపాల వెలుగులోనూ కేంద్రం తెలుస్తుంది, మసక ఉపగ్రహాలకు ఊరు దాటాలి. యాప్‌లో హోసూరుకు 12.74 ఉత్తరం, 77.83 తూర్పు, కృష్ణగిరికి 12.52, 78.21 ఇవ్వండి.

పక్కనే కావలూరు
పొరుగున తిరుపత్తూరు జిల్లా జవ్వాది కొండల్లోని కావలూరులో వేణు బప్పు అబ్జర్వేటరీ ఉంది. దాని పేరులోని ఖగోళ శాస్త్రవేత్త బప్పు పెరిగింది హైదరాబాదులో, తండ్రి నిజామియా అబ్జర్వేటరీ ఉద్యోగి. ఇక్కడి 2.34 మీటర్ల టెలిస్కోపు 1986లో మొదలైంది.