అరకు రైలు దిగేటప్పుడు ఇచ్చే కరెంటు

“అరకు నుంచి కిందికి దిగే రైలు కరెంటు పుట్టిస్తుందని మా అబ్బాయి వాదిస్తున్నాడు, నిజమేనా?” అని ఓ పాఠకురాలు అడిగారు. నిజమేనండీ, ఇంజన్‌లో మూడు ఫేజుల మోటార్లుంటే!

ముందు ఎక్కే లెక్క. అనంతగిరి అడవుల్లో సొరంగాలు దూరుతూ సాగే ఈ దారిలో శిమిలిగూడ స్టేషన్ సముద్రమట్టానికి 996 మీటర్ల ఎత్తున ఉంది. 60 కిలోల మనిషిని అంత ఎత్తుకు చేర్చడానికి సూత్రం ప్రకారం పట్టేది 0.16 యూనిట్ల కరెంటే. ఫ్యాను రెండు గంటలు తిరిగేంత. కానీ మనతో పాటు బండి కూడా ఎక్కాలి. అసలు ఖర్చు దానిదే.

ఆ ఖర్చులో కొంత వెనక్కి రాబట్టడమే ముచ్చట. ఎడ్లబండిని తలచుకోండి. ఎగువకు ఎడ్లు బండిని లాగుతాయి. పల్లం వస్తే బండే ఎడ్లను తోస్తుంది, అవి కాళ్లు ఊని ఆపుతాయి. మూడు ఫేజుల మోటారులో ఎడ్లంటే తిరిగే అయస్కాంత క్షేత్రం, బండి అంటే నడుమ తిరిగే రోటర్. ఎక్కేటప్పుడు రోటర్ క్షేత్రం కంటే కాస్త వెనకబడుతుంది. ఆ వెనకబాటే తీగ నుంచి కరెంటు లాగుతుంది. దిగేటప్పుడు లోకో పైలట్ క్షేత్రం వేగాన్ని తగ్గిస్తారు. ఇప్పుడు రోటర్ ముందు, క్షేత్రం వెనక! కరెంటు ఎదురు తిరిగి 25,000 వోల్టుల పై తీగలోకి ఎక్కుతుంది. మోటారే జనరేటరు, అదే బ్రేకు కూడా. ఆ కరెంటును దగ్గర్లో ఎక్కుతున్న మరో బండి అందుకుంటుంది. రెండు చేదల గిలక బావి అన్నమాట. పైగా ఈ లైను 1960లలో వేసిందే బైలదిల్లా గనుల ఇనుప ఖనిజం కోసం. గూడ్సులు నిండుగా దిగుతాయి, ఖాళీగా ఎక్కుతాయి. గిలకకు ఇంతకంటే ఏం కావాలి?

ఇదంతా నున్నటి చక్రం నున్నటి పట్టాను పట్టుకోబట్టే. జారిపోతుందని పాతకాలపు ఇంజనీర్ల భయం. 1804లో ట్రెవితిక్ ఆవిరి ఇంజనును నున్నటి చక్రాలతోనే నడిపి చూపినా చాలామంది నమ్మలేదు. 1812లో బ్లెంకిన్‌సాప్ పళ్ల చక్రం పెట్టాడు. 1813లో బ్రంటన్ ఏకంగా ఇంజనుకు వెనక రెండు కాళ్లే తగిలించాడు! ఇంజను బరువే చాలినంత పట్టునిస్తుందని ఆ రోజుల్లోనే హెడ్లీ ప్రయోగం చేసి తేల్చాడు.

ఎక్కడానికి వాడిన కరెంటంతా తిరిగి రాదు, కొంత దారిలోనే వేడిగా పోతుంది. పై తీగలో పారే కరెంటులోనూ బొగ్గు వాటా పెద్దదే. అయినా పెట్రోలు కారు ఘాట్ దిగుతూ బ్రేకులు కాల్చుకోవడం తప్ప చుక్క పెట్రోలు తిరిగివ్వదు. అనంతగిరి అడవిని చూడబోయేవాళ్లు కారు ఇంటి దగ్గరే ఉంచి రైలెక్కండి.