మంచుతో కట్టిన చెరువు
(లేహ్ పట్నం చూసొద్దాం రండి!)

హన్మకొండలో ఒక మిఠాయి దుకాణంలో కొన్న సకినాల ప్యాకెట్టు నా సంచిలో ఉంది. గాలి చొరకుండా సీలు వేసిన ప్యాకెట్టు. కాజీపేట స్టేషన్లో రైలెక్కినప్పుడు అది మామూలుగానే ఉంది. మూడో రోజు లేహ్ పట్నంలో సంచి తెరిచి చూద్దును కదా, బూరలాగా ఉబ్బిపోయి, వేలు తగిలితే పగిలేటట్టుంది! దాన్ని ఎవరూ ఊదలేదు. అందులోకి కొత్తగా గాలి పోలేదు. మరి ఎందుకు ఉబ్బింది?

ఈ చిన్న ప్రశ్నకు జవాబు దొరికితే లేహ్ పట్నం సంగతి సగం తెలిసినట్టే. మిగతా సగం నీళ్ల కథ. ఆ కథ వింటే మన పాకాల చెరువు, రామప్ప చెరువు గుర్తుకు రాక మానవు.

గాలి పలచబడ్డ చోటు

లేహ్ మన దేశానికి ఉత్తరపు కొసన, లడఖ్‌లో ఉంది. 2011 జనాభా లెక్కల ప్రకారం అక్కడి జనం సుమారు 31 వేలు. మన దగ్గర చిన్న పట్నం కిందే లెక్క. 2019 అక్టోబరు 31 నుంచి లడఖ్ కేంద్రపాలిత ప్రాంతం. కాజీపేటలో తెలంగాణ ఎక్స్‌ప్రెస్ ఎక్కితే మర్నాడు ఢిల్లీ చేరతాం. అక్కణ్నుంచి విమానంలో గంటన్నర లోపే లేహ్. కిటికీలోంచి చూస్తే మొదట పచ్చని కొండలు, తర్వాత తెల్లని మంచు శిఖరాలు, ఆ తర్వాత గడ్డిపోచ కూడా మొలవని గోధుమరంగు కొండలు కనిపిస్తాయి. ఈ వరుసను గుర్తుంచుకోండి. దీనితో మనకు పని ఉంది.

వరంగల్ సముద్రమట్టానికి సుమారు 300 మీటర్ల ఎత్తులోనే ఉంది. లేహ్ ఎత్తు సుమారు 3500 మీటర్లు. మన తలమీద ఉన్న గాలి బరువే కదా వాతావరణ పీడనం! పైకి పోయేకొద్దీ మన మీద ఉండే గాలి తగ్గుతుంది, పీడనమూ తగ్గుతుంది. లేహ్‌లో పీడనం సముద్రతీరంలో ఉన్నదానిలో సుమారు మూడింట రెండు వంతులే. సకినాల ప్యాకెట్టులో ఉన్నది వరంగల్ గాలి. బయట ఉన్నది పలచని లేహ్ గాలి. లోపలి గాలి తోస్తుంటే బయటి గాలి ఆపలేకపోయింది. అందుకే ప్యాకెట్టు ఉబ్బింది.

ప్యాకెట్టు సంగతి సరే, మనిషి సంగతి? ఒక్కో శ్వాసతో లోపలికి పోయే ఆక్సిజన్ కూడా మూడింట రెండు వంతులే. పది మెట్లెక్కితే నాకు ఆయాసం వచ్చింది. తల దిమ్ముగా ఉంది. అందుకే లేహ్ చేరినవాళ్లు మొదటి ఒకటి రెండు రోజులు ఊరికే విశ్రాంతి తీసుకోవాలి. శరీరం మొదట వేగంగా ఊపిరి తీస్తుంది. కొన్ని వారాలుంటే ఎర్ర రక్తకణాలను ఎక్కువగా తయారు చేసుకుంటుంది. నిజామాబాద్ జిల్లా పాకాల గ్రామపు అమ్మాయి మాలావత్ పూర్ణ 2014 మే 25న ఎవరెస్టు ఎక్కింది కదా, అప్పుడామెకు 13 ఏళ్లే. అంతకు ముందు ఆమె లడఖ్ చలిలో శిక్షణ పొందింది.

నేను దిగిన ఇంట్లో ఒక ముసలమ్మ, తొమ్మిదో తరగతి చదివే ఆమె మనవడు ఉన్నారు. ఆ అబ్బాయి నాయనమ్మను “అబీ-లే” అని పిలుస్తాడు. అబీ అంటే నాయనమ్మ, చివరనున్న ‘లే’ మన ‘గారు’ లాంటిది. నేనూ అలాగే పిలిచాను. ఆమె నవ్వి “జులే!” అంది. నమస్కారానికీ, కృతజ్ఞతకూ, వీడ్కోలుకూ అక్కడ అదే మాట.

రాత్రి అన్నం వండుతూ అబీ-లే ప్రెషర్ కుక్కర్ మూత బిగించింది. అక్కడ కుక్కర్ లేనిదే అన్నం సరిగా ఉడకదు. పీడనం తగ్గితే నీళ్లు తక్కువ వేడికే మరుగుతాయి. లేహ్‌లో సుమారు 88 డిగ్రీలకే తెర్లుతాయి. ఎంత మంట పెట్టినా మూతలేని గిన్నెలో నీళ్లు అంతకు మించి వేడెక్కవు. కుక్కర్ ఆవిరిని లోపలే బంధించి పీడనాన్ని పెంచుతుంది. మరి కుక్కర్లు రాకముందు? వేయించిన బార్లీని పిండి కొట్టి తినేవారు, ఇప్పటికీ తింటారు. దాన్ని త్సంపా అంటారు. మనం తొలి ఏకాదశికి చేసుకునే పేలపిండి లాంటిదన్నమాట.

ఇసుక లేకపోయినా ఎడారే

ఎడారి అనగానే మనకు ఇసుక దిబ్బలు, ఒంటెలు, మండుటెండ కళ్ల ముందు మెదులుతాయి. కాని ఎడారిని ఎండతో కొలవరు, వానతో కొలుస్తారు. ఏడాదికి 250 మిల్లీమీటర్ల లోపు వాన పడే చోటును సాధారణంగా ఎడారి అంటారు. లేహ్‌లో వాన, మంచు అన్నీ కలిపినా ఏడాదికి 100 మిల్లీమీటర్లకు అటూ ఇటూ మాత్రమే. జనవరి రాత్రుల్లో ఉష్ణోగ్రత సున్నాకు 15 డిగ్రీల కిందికి దిగుతుంది. కనుక ఇది శీతల ఎడారి.

లెక్క చేసి చూద్దాం. మీ బడి డాబా 100 చదరపు మీటర్లు ఉందనుకోండి. వరంగల్‌లో ఏడాదికి దాదాపు 1000 మిల్లీమీటర్ల వాన పడుతుంది. అంటే ఆ డాబా మీద లక్ష లీటర్ల నీళ్లు కురుస్తాయి. అదే డాబా లేహ్‌లో ఉంటే పది వేల లీటర్లే.

ఇంత పెద్ద మంచుకొండల పక్కనే వాన ఎందుకు పడదు? విమానం కిటికీలోంచి చూసిన వరుస గుర్తుందా? పచ్చని కొండలు, తెల్లని శిఖరాలు, తర్వాత బోడికొండలు. నైరుతి ఋతుపవనాలు సముద్రం మీది తేమను మోసుకుని దక్షిణం వైపు నుంచి వచ్చి హిమాలయాలను ఢీకొంటాయి. ఎదురుగా గోడ ఉంటే గాలి పైకెక్కవలసిందే. పైకెక్కిన గాలి చల్లబడుతుంది. చల్లబడ్డ గాలి తేమను నిలుపుకోలేక అక్కడే వాన కురిపిస్తుంది. అందుకే దక్షిణపు వాలుమీదున్న ధర్మశాలలో ఏడాదికి సుమారు 3000 మిల్లీమీటర్ల వాన! శిఖరాలు దాటి అవతలికి దిగేసరికి గాలిలో తేమ మిగలదు. పైగా దిగేకొద్దీ అది వేడెక్కుతుంది. ధర్మశాల నుంచి లేహ్‌కు కాకి దూరం సుమారు 250 కిలోమీటర్లే. కాని మధ్యలో హిమాలయాలు అడ్డు. అందుకే లేహ్‌ను వర్షచ్ఛాయా ప్రాంతం అంటాం.

నీళ్లకు వంతు

మర్నాడు ఆ అబ్బాయి నన్ను పొలాల్లోకి తీసుకుపోయాడు. బోడికొండల నడుమ పచ్చని గుడ్డ పరిచినట్టు బార్లీ మళ్లు, గట్ల వెంట పోప్లార్, విల్లో చెట్లు. ఖుబానీ చెట్లు కూడా ఉన్నాయి. మన పెళ్లి విందుల్లో ఖుబానీ మీఠా చేస్తారే, ఆ పండే.

“వాన లేకుండా ఈ పంట ఎలా పండుతుంది?” అని అడిగాను.

“మంచు కరిగి వస్తుంది సర్,” అంటూ అతడు కొండకేసి చెయ్యి చూపాడు. ఎత్తున హిమానీనదాలున్నాయి. అవి కరిగిన నీళ్లు వాగులై దిగుతాయి. వాగు నుంచి తీసిన చిన్న కాలువను యురా అంటారు. నీళ్లు నిలిపే గుంటను జింగ్ అంటారు. ఎవరి మడికి ఎప్పుడు నీళ్లు వదలాలో చూడటానికి ఊరివాళ్లు ఒక మనిషిని పెట్టుకుంటారు. ఆయన పేరు చుర్‌పోన్. వింటుంటే నాకు మా ఊరి నీరటి గుర్తుకొచ్చాడు. చెరువు తూము దగ్గర నిలబడి, ఏ కాలువకు ఎంత నీరు వదలాలో చూసే నీరటి! రెండు వేల కిలోమీటర్ల దూరాన, భాష వేరు, పంట వేరు. పని మాత్రం ఒక్కటే.

అయితే ఇక్కడ ఒక చిక్కుంది. పంట కాలం చాలా కురచ. ఏప్రిల్, మే నెలల్లో విత్తకపోతే చలి ముంచుకొచ్చే లోపల గింజ పండదు. విత్తనానికి నీళ్లు కావలసింది అప్పుడే. కాని చాలా ఎత్తున ఉన్న హిమానీనదాలు జూన్‌కు గాని బాగా కరగవు. చలికాలమంతా వాగులో సన్నగా పారే నీళ్లేమో ఎవరికీ పనికిరాకుండా సింధు నదిలో కలిసిపోతాయి. అక్కరలేనప్పుడు నీళ్లున్నాయి, అక్కర పడ్డప్పుడు లేవు!

ఇదే చిక్కు మనకూ ఉంది కదూ? మన వానల్లో ఎక్కువ భాగం జూన్ నుంచి సెప్టెంబరు దాకానే. అందుకే కాకతీయులు పదమూడో శతాబ్దంలో పాకాల, రామప్ప వంటి చెరువులు కట్టించారు. వానాకాలపు నీటిని కట్ట కట్టి ఆపి, ఎండాకాలానికి దాచారు. లడఖ్ వాళ్లు నీటిని మంచు చేసి దాచారు.

మంచును గోపురంగా పేర్చడం

ఈ పని మొదట చేసినవారిలో ముఖ్యుడు చెవాంగ్ నోర్ఫెల్ అనే ఇంజనీరు. వేగంగా పారే నీరు గడ్డకట్టదనీ, నీడలో మెల్లగా పారే పలచని నీరు త్వరగా గడ్డకడుతుందనీ ఆయన గమనించాడు. 1980ల చివర నుంచి ఊళ్ల ఎగువన, నీడపడే లోయల్లో రాతి అడ్డుకట్టలు కట్టించి, చలికాలపు నీటిని మెల్లగా మళ్లించి మంచు మళ్లు తయారు చేయించాడు. అవి అసలు హిమానీనదాలకంటే తక్కువ ఎత్తులో ఉంటాయి గనుక ముందుగానే కరుగుతాయి. 2015లో ఆయనకు పద్మశ్రీ లభించింది.

నీడలేని చోట ఏం చెయ్యాలి? ఈ ప్రశ్నకు సోనమ్ వాంగ్‌చుక్ అనే మరో ఇంజనీరు, 2013-14 చలికాలంలో విద్యార్థులతో కలిసి ఒక జవాబు కనిపెట్టాడు. అదే మంచు స్తూపం. వాగు ఎగువ నుంచి గొట్టం వేసి నీటిని దిగువకు తెస్తారు. మేడమీద ట్యాంకు ఉంటే కింది కుళాయిలో నీళ్లు జోరుగా వస్తాయి కదా, అలాగే గొట్టం చివర నీళ్లు ఫౌంటెన్‌లా పైకి చిమ్ముతాయి. మోటారు అక్కరలేదు, కరెంటు అక్కరలేదు. రాత్రి చలిలో చిమ్మిన తుంపర కిందపడి గడ్డకట్టి, గోపురంలా పెరుగుతూ పోతుంది.

గోపురం ఆకారమే ఎందుకు? తొమ్మిది, పది తరగతుల వాళ్లు కాగితం, పెన్సిలు తీసుకోండి. వ్యాసార్ధం 10 మీటర్లు, ఎత్తు 20 మీటర్లు ఉన్న శంకువు ఘనపరిమాణం సుమారు 2093 ఘనపు మీటర్లు. దాని ప్రక్కతల వైశాల్యం సుమారు 702 చదరపు మీటర్లు. అంతే మంచును అరమీటరు మందంతో నేలమీద పరిస్తే పైతల వైశాల్యం 4186 చదరపు మీటర్లవుతుంది. దాదాపు ఆరు రెట్లు! మంచు కరిగేది ఎండ, గాలి తగిలే చోటే. తగిలే వైశాల్యం తగ్గితే కరగడమూ ఆలస్యమవుతుంది. బెల్లం పొడి నీళ్లలో ఇట్టే కరిగి, బెల్లం ముద్ద నెమ్మదిగా కరగడం మీరు చూసే ఉంటారు. సూత్రం అదే. మన లెక్కలోని శంకువు పూర్తిగా కరిగితే దాదాపు 19 లక్షల లీటర్ల నీళ్లు వస్తాయి.

నేను చూసినప్పుడు మే మూడో వారం. స్తూపం అప్పటికే సగానికి పైగా కరిగిపోయింది. ధూళి పట్టి, పుట్టలాగా ఉంది. దాని అడుగు నుంచి మాత్రం వేలెడు ధార చప్పుడు చేస్తూ యురాలోకి పారుతోంది. “రేపు మా వంతు సర్,” అన్నాడు అబ్బాయి, ఎంతో సంతోషంగా.

తెలుసుకోవలసిన మాట

మంచు స్తూపంతో కష్టాలన్నీ తీరిపోయాయని అనుకోకండి. గొట్టాల్లో నీరు గడ్డకట్టి అవి పగులుతుంటాయి. ఏటా చలిలో నిలబడి మళ్లీ కట్టుకోవాలి. పైగా వాగులో నీళ్లుంటేనే స్తూపం. భూగోళం వేడెక్కుతూ అసలు హిమానీనదాలే వెనక్కి తగ్గుతున్నాయి. మరోవైపు ఏటా లక్షల మంది యాత్రికులు లేహ్‌కు వస్తున్నారు. వాళ్లకోసం హోటళ్లు బోర్లు వేసి నీళ్లు తోడుతున్నాయి. అబీ-లే ఇంట్లో పాత పద్ధతి మరుగుదొడ్డి ఉంది. అందులో నీళ్లు వాడరు, మట్టి చల్లుతారు. కొన్నాళ్లకు అదే పొలానికి ఎరువు. బకెట్ల కొద్దీ నీళ్లు పోయడానికి అలవాటు పడ్డ నాకు మొదట ఇబ్బంది అనిపించింది. తర్వాత సిగ్గేసింది.

నీళ్ల దారి మరిచిపోతే ఏమవుతుందో కూడా లేహ్ చూసింది. 2010 ఆగస్టు 5 అర్ధరాత్రి కొండలమీద కుంభవృష్టి కురిసింది. చెట్టులేని వాలు మీద నీళ్లు నిలవవు. బురద, బండరాళ్లు కలిసి ఊరిమీద పడ్డాయి. వానలు రావన్న ధీమాతో కట్టిన మట్టి ఇళ్లు నిలవలేకపోయాయి. రెండు వందల మందికి పైగా చనిపోయారు. 2020 ఆగస్టులో మన వరంగల్ నగరంలోనూ కాలనీలు నీట మునిగాయి. చెరువు శిఖాన్నీ, మత్తడి నీళ్లు పోయే నాలానూ ఇళ్లు ఆక్రమిస్తే వాన నీళ్లు ఎక్కడికి పోవాలి? నీటిని దాచడం ఎంత ముఖ్యమో, అది పోయే దారిని కాపాడటమూ అంతే ముఖ్యం.

తిరిగి వచ్చేటప్పుడు ఒక ప్రయోగం చేశాను. లేహ్‌లో ఖాళీ ప్లాస్టిక్ సీసాకు మూత గట్టిగా బిగించి సంచిలో పెట్టాను. కాజీపేటలో తీసి చూస్తే సీసా నొక్కుకుపోయి ఉంది. ఎందుకో ఇప్పుడు మీరే చెప్పగలరు!

మీకూ ఒక పని. ఈ సెలవుల్లో మీ ఊరి చెరువు దగ్గరికి వెళ్లండి. తూము ఎక్కడుంది, మత్తడి ఎక్కడుంది, నీళ్లు ఏ దారిన వచ్చి ఏ దారిన పోతాయో చూసి పటం గీయండి. ఊళ్లో ముసలి నీరటి తాత ఎవరైనా ఉంటే దగ్గర కూర్చుని అడగండి. లేహ్‌లో ఆ అబ్బాయి తొమ్మిదో తరగతికే తన ఊరి నీళ్ల లెక్కంతా చెప్పగలిగాడు. మన ఊరి నీళ్ల లెక్క మనకూ తెలిసి ఉండాలి కదా!