రాయి మెరిస్తే పసిడి కాదు: చిరుప్రాయపు ఫీల్డరు ప్రతిభను తూచడం ఎలా?

హట్టి బంగారు గని మన లింగసుగూరు తాలూకాలోనిదే. అక్కడ ఒక టన్ను రాయిని తవ్వి, పొడిచేసి, శుద్ధిచేస్తే లభించే పసిడి కొన్ని గ్రాములు మాత్రమే. రాయి మెరిసినంత మాత్రాన గని నిపుణులు తవ్వకం మొదలుపెట్టరు. ముందుగా నమూనా తీస్తారు, పరీక్షిస్తారు, లెక్క వేస్తారు, ఆ పిమ్మటనే ఖర్చుకు సిద్ధపడతారు. మన పిల్లల ఆటల విషయంలో మాత్రం ఈ వివేకం తరచుగా కొరవడుతున్నది.

ముదగల్ పరిసర గ్రామాలలో సెలవు దినాన జరిగే క్రికెట్ పోటీని ఒకసారి తలచుకోండి. పదమూడేళ్ల కుర్రవాడు పాయింట్ స్థానంలో నిలబడి, ఎడమ వైపునకు దూకి బంతిని ఆపి, ఒక్క విసురుతో వికెట్‌ను పడగొడతాడు. చుట్టూ చేరిన పెద్దలు "వీడు ఎక్కడికో వెళ్తాడు" అంటారు. ఆ రాత్రి ఇంట్లో చర్చ మొదలవుతుంది. బెంగళూరు పంపాలా, హైదరాబాద్ పంపాలా? శిక్షణ రుసుము, గది అద్దె, బడి మార్పు, వీటికి ఎకరం కౌలు డబ్బు సరిపోతుందా, అప్పు చేయాలా? ఒక్క విసురు మీద ఇంత బరువైన నిర్ణయం ఆధారపడకూడదు. ఆ కుర్రవాడిలో నిజంగా ఏమున్నదో తెలుసుకొనడానికి కొన్ని కొలతలు ఉన్నాయి. వాటిని సామాన్య కుటుంబాలకు వివరించడమే ఈ వ్యాస లక్ష్యం.

అమెరికా మైదానాల నుండి ఒక కొలబద్ద

యువ క్రీడాకారుల అంచనాను ఒక శాస్త్రంగా తీర్చిదిద్దినది అమెరికాలోని బేస్‌బాల్ క్రీడ. అక్కడి 30 ప్రధాన జట్లకు ఒక్కొక్క దానికి నాలుగేసి అనుబంధ జట్లు, మొత్తం 120 ఉన్నాయి. వీటినే మైనర్ లీగ్ జట్లు అంటారు. మన వరి నారుమడి వంటివి అవి. మొలకలను అక్కడ పెంచి, బలమైన వాటిని ఏరి ప్రధాన జట్టులో నాటుతారు. బ్రాంచ్ రికీ అనే నిర్వాహకుడు 1920ల దశకంలో సెయింట్ లూయిస్ కార్డినల్స్ జట్టు కోసం ఈ విధానానికి రూపమిచ్చాడు.

ఈ నారుమళ్లను చూసి వచ్చే పరిశీలకులు ప్రతి ఆటగాడిని ఐదు అంశాలలో తూకం వేస్తారు. బంతిని కచ్చితంగా కొట్టడం, బలంగా కొట్టడం, పరుగు వేగం, ఫీల్డింగ్, విసిరే బలం. ఒక్కొక్క అంశానికి 20 నుండి 80 వరకు మార్కులు. 50 అంటే ప్రధాన జట్టులోని సగటు ఆటగాడి స్థాయి అని అర్థం. ఒక్క కుర్రవాడికే రెండేసి మార్కులు వేస్తారన్నది ఇందులోని అసలు విశేషం. ఒకటి నేడు ఉన్న స్థాయికి, రెండవది పెరిగిన పిమ్మట చేరగల స్థాయికి. మన గ్రామాలలో ఈ రెండింటినీ కలిపివేయడం వల్లనే పొరపాటు జరుగుతున్నది. నేటి ఆట వేరు, రేపటి ఆట వేరు.

తొంభై అడుగుల లెక్క

బేస్‌బాల్‌లో ఒక బేస్ నుండి మరొక బేస్‌కు దూరం 90 అడుగులు, అనగా 27.4 మీటర్లు. మన క్రికెట్‌లో లోపలి వలయం వికెట్ల నుండి 30 గజాలు. లెక్క కట్టి చూస్తే అదీ 90 అడుగులే. కాబట్టి అక్కడి ఇన్‌ఫీల్డర్ పనీ, ఇక్కడ కవర్, పాయింట్, మిడ్‌వికెట్ స్థానాలలోని ఫీల్డర్ పనీ దాదాపు ఒక్కటే.

గంటకు 100 కిలోమీటర్ల వేగంతో వచ్చే బంతి 27 మీటర్లు దాటడానికి పట్టే కాలం సుమారు ఒక్క సెకను. ఒక గీత నుండి మరొక గీతకు బ్యాట్స్‌మన్ పరుగెత్తవలసిన దూరం 17.68 మీటర్లు. ఆ పరుగు ముగిసేలోగా ఫీల్డరు బంతిని చేరాలి, వంగాలి, పట్టాలి, లేవాలి, విసరాలి. ఇన్ని పనులు మూడు సెకన్లలో ముగియాలి. ఇక్కడ కండబలం కన్నా మొదటి అడుగు ముఖ్యం.

పరిశీలించవలసిన ఐదు సంగతులు

మొదటిది, తొలి అడుగు. బ్యాట్‌కు బంతి తాకిన క్షణాన కుర్రవాడి కాలు ఎటు కదిలింది? బంతి తన దాకా వచ్చాక కదిలేవాడు ఎంత దూకినా ఆలస్యమే. ఘనంగా దూకినవాడికి చప్పట్లు పడతాయి, ముందే చేరి నిలబడి పట్టినవాడిని ఎవరూ గమనించరు. నిజానికి రెండవవాడే మేలైన ఫీల్డరు.

రెండవది, చేతుల మృదుత్వం. బంతి అరచేతిలో పడినప్పుడు చేయి కొంత వెనక్కు తగ్గాలి. బిగుసుకున్న చేతిలో బంతి నిలువదు. మన నల్లరేగడి నేలలో బంతి ఎగుడుదిగుడుగా లేస్తుంది, కనుక ఇక్కడ పెరిగిన పిల్లలకు ఈ పరీక్ష సహజంగానే జరుగుతుంది.

మూడవది, పాదాల అమరిక. పట్టిన పిమ్మట విసరడానికి ఎన్ని అడుగులు తీసుకుంటున్నాడో లెక్కించండి. ఖోఖోలో గూర్చున్న చోటి నుండి లేచి దిక్కు మార్చిన పిల్లలకు, కబడ్డీలో నడుము వంచి నిలబడిన పిల్లలకు ఈ విద్య సగం వచ్చినట్లే. అందుకే చిన్నవయసులో క్రికెట్ ఒక్కటే ఆడించడం కన్నా నాలుగు ఆటలు ఆడనివ్వడం మేలు. దక్షిణాఫ్రికాకు చెందిన జాంటీ రోడ్స్ హాకీలోనూ ఆరితేరినవాడు. 1993లో ముంబయిలో వెస్టిండీస్‌పై ఒకే వన్డేలో ఐదు క్యాచ్‌లు పట్టి ఫీల్డింగ్‌తోనే ఆట గతిని మార్చాడు.

నాలుగవది, విసురు. బలం కన్నా గురి, గురి కన్నా వేగంగా వదలడం ముఖ్యం.

ఐదవది, బుద్ధి. ఎవరు నెమ్మదిగా పరుగెత్తుతారు, ఏ కొసకు విసరాలి, ఎప్పుడు విసరకూడదు అనే తెలివి. అవుటయ్యే అవకాశం లేనప్పుడు బంతిని చేతిలోనే ఉంచుకునే పిల్లవాడు పరిణతి చెందుతున్నాడని గ్రహించాలి.

ఇంకొక హెచ్చరిక. టెన్నిస్ బంతితో చూసి తీర్పు చెప్పకండి. దాని బరువు సుమారు 58 గ్రాములు. పెద్దల క్రికెట్‌లో వాడే తోలు బంతి 156 నుండి 163 గ్రాములు. చేతికి తగిలే దెబ్బ, భయం, గాలిలో నడక అన్నీ మారిపోతాయి.

తప్పుల పట్టిక చెప్పని సత్యం

బంతి వదిలినప్పుడల్లా లెక్కవేసి పిల్లవాడిని తక్కువచేయడం మరొక దురలవాటు. బంతి దరిదాపులకు చేరనివాడు తప్పు చేయడు. చేరినవాడే తప్పు చేస్తాడు. తప్పుల సంఖ్యతో పాటు ఎన్ని బంతుల వద్దకు చేరాడన్నది కూడ చూడాలి.

బేస్‌బాల్‌లో డెరెక్ జీటర్ కథ ఇందుకు నిదర్శనం. 1992లో న్యూయార్క్ యాంకీస్ ఎంపిక చేసుకున్న ఈ కుర్రవాడు, 1993లో మైనర్ లీగ్‌లో షార్ట్‌స్టాప్ స్థానంలో ఆడుతూ ఒక్క ఏడాదిలోనే 56 తప్పులు చేశాడు. అప్పుడతనికి పందొమ్మిదేళ్లు. ఆ స్థానం నుండి తప్పించడమే మేలని ఎవరికైనా తోచే అంకె అది. అయితే యాజమాన్యం అతడి దేహచలనాన్ని, శ్రమను, బ్యాటింగ్‌ను చూసి ఓపిక పట్టింది. 1996లో అతడు ఉత్తమ కొత్త ఆటగాడిగా నిలిచాడు. తరువాత ఫీల్డింగ్‌కు ఇచ్చే గోల్డ్ గ్లోవ్ పురస్కారం ఐదుసార్లు పొందాడు. అతడు చేరగల విస్తీర్ణం తక్కువన్న విమర్శ చివరి వరకు వినిపించినా, 2020లో ఆ క్రీడ అత్యున్నత గౌరవానికి ఎన్నికయ్యాడు.

ఎత్తు విషయమూ అంతే. వెనెజులాకు చెందిన హోసే అల్తూవే ఐదున్నర అడుగుల మనిషి. పొట్టివాడని తిప్పిపంపినా మరునాడు మళ్లీ మైదానానికి వచ్చాడు. 2007లో హ్యూస్టన్ జట్టు కేవలం 15,000 డాలర్లకు అతనితో ఒప్పందం చేసుకున్నది. పదేళ్లకు, 2017లో, తన లీగ్‌లో అత్యంత విలువైన ఆటగాడి పురస్కారం అతడినే వరించింది.

హైదరాబాద్ చూపిన ఉదాహరణ

ఇంత దూరం వెళ్లనక్కరలేదు. మన హైదరాబాద్ గడ్డ మీద 1941లో జన్మించిన సయ్యద్ ఆబిద్ అలీని 1956లో హైదరాబాద్ పాఠశాలల జట్టుకు ఎంపిక చేసినది అతడి ఫీల్డింగ్‌ను చూసే. కేరళపై 82 పరుగులు చేసి, ఉత్తమ ఫీల్డర్ బహుమతిని కూడ గెలుచుకున్నాడు. తరువాత స్టేట్ బ్యాంక్ ఆఫ్ హైదరాబాద్ తన జట్టును ఏర్పరచినప్పుడు ఉద్యోగం లభించింది. రంజీ జట్టులో చేరిన తొలి ఏళ్లలో అతడు బౌలింగ్ చేసినది అరుదు. రంజీలో మొదటి శతకం 1967లో గాని రాలేదు. అదే సంవత్సరం డిసెంబరులో అడిలైడ్‌లో తొలి టెస్టు ఆడి 55 పరుగులకు ఆరు వికెట్లు తీశాడు. 1971లో ఓవల్ మైదానంలో ఇంగ్లండ్‌పై భారతదేశపు చారిత్రక విజయానికి కావలసిన చివరి పరుగులు అతడి బ్యాట్ నుండే వచ్చాయి. మొత్తం 29 టెస్టులు ఆడి, అనంతర కాలంలో అమెరికాలో స్థిరపడి, 2025 మార్చిలో కన్నుమూశాడు.

ఇందులో మూడు పాఠాలు ఉన్నాయి. ఫీల్డింగ్ ఒక్కటే తలుపు తెరవగలదు. ఆ తలుపు లోపల నిలవడానికి మాత్రం బ్యాటో బంతో తోడు కావాలి. అన్నిటినీ మించి, మొదటి గుర్తింపునకు, దేశపు టోపీకి మధ్య పదకొండేళ్లు గడిచాయి. ఆ పదకొండేళ్లలో అతడికి అన్నం పెట్టినవి ఉద్యోగం, ఓపిక.

వయసు కూడ ఒక కొలతే

పద్నాలుగేళ్ల పిల్లల నడుమ పదహారేళ్లవాడు సింహంలా కనిపిస్తాడు. పదహారేళ్ల వారి నడుమ పద్నాలుగేళ్లవాడు నిలదొక్కుకుంటే అది నిజమైన ప్రతిభ. మైనర్ లీగ్ పరిశీలకులు ప్రతి అంకె పక్కన వయసును రాసుకునేది ఇందుకే.

పుట్టిన తేదీని దిద్దించే దురాలోచన కొందరికి కలుగుతుంది. అది పిల్లవాడికే ఉరి. 16 ఏళ్ల లోపు బాలుర పోటీలకు భారత క్రికెట్ నియంత్రణ మండలి ఎడమ మణికట్టు ఎక్స్-రే ద్వారా ఎముకల వయసును నిర్ధారిస్తుంది. తప్పుడు పత్రాలకు రెండేళ్ల నిషేధం విధిస్తామని 2020లోనే ప్రకటించింది. పోయేది తండ్రి పరువే కాదు, పిల్లవాడి రెండు విలువైన సంవత్సరాలు.

సరిహద్దు కుటుంబాల ప్రత్యేక సమస్య

మన ప్రాంతానికి మూడు దిక్కులా మూడు క్రికెట్ సంఘాలున్నాయి. ముదగల్, సింధనూరు, మాన్వి కర్ణాటక సంఘం పరిధిలోనివి. ఆ సంఘం విభాగాలలో రాయచూరు మండలం ఒకటి. రాష్ట్ర సరిహద్దు దాటి గద్వాల వైపు వెళ్తే హైదరాబాద్ సంఘం, తుంగభద్ర దాటి కర్నూలు వైపు వెళ్తే ఆంధ్ర సంఘం. మేనమామ ఊరిలో పేరు నమోదు చేయిస్తే సులువని కొందరు సలహా ఇస్తారు. ఒకసారి ఒక సంఘంలో ఆడిన పిమ్మట మరొక సంఘానికి మారడానికి నిరభ్యంతర పత్రం కావాలి. నివాస, జన్మ పత్రాలు ఎక్కడ సక్రమంగా ఉన్నవో అక్కడే ప్రయత్నించడం క్షేమకరం. జిల్లా కేంద్రం దాదాపు వంద కిలోమీటర్ల దూరమైనా, మొదటి మెట్టు మండల స్థాయి ఎంపికే.

ఇప్పుడు అసలు లెక్కకు వద్దాం. రంజీ ట్రోఫీలో 38 జట్లు. జట్టుకు పదిహేను మంది చొప్పున చూసినా దేశమంతటా ఆరువందల లోపు స్థానాలు. కుమారుడి ఆట కోసం నితీశ్ కుమార్ రెడ్డి తండ్రి విశాఖలో ఉద్యోగాన్ని వదులుకున్న సంగతి అందరికీ తెలిసినదే. ఆ కుర్రవాడు 2017-18 విజయ్ మర్చంట్ ట్రోఫీలో 1,237 పరుగులు చేసి, 2024 డిసెంబరులో మెల్‌బోర్న్‌లో టెస్టు శతకం సాధించాడు. భద్రాచలం నుండి సికింద్రాబాద్‌కు తరలివెళ్లిన కుటుంబపు బిడ్డ గొంగడి త్రిష 2025లో 19 ఏళ్ల లోపు మహిళల ప్రపంచకప్‌లో ఉత్తమ క్రీడాకారిణి అయింది. గెలిచినవారి త్యాగం పత్రికలకెక్కుతుంది. అంతే త్యాగం చేసి ఓడినవారి పేర్లు ఎవరూ రాయరు.

గొప్ప ప్రతిభకు కూడ దారి సూటిగా ఉండదు. 2002 నవంబరులో పదిహేడేళ్ల అంబటి రాయుడు ఆంధ్రపై ఒకే మ్యాచ్‌లో 210, 159 నాటౌట్ చేశాడు. 2004లో 19 ఏళ్ల లోపు ప్రపంచకప్ జట్టుకు సారథి అయ్యాడు. భారత జట్టు తరఫున మొదటి వన్డే ఆడినది మాత్రం 2013లో.

చేయదగిన పని

ఒక నోటు పుస్తకం కొనండి. నెలకొకసారి, ఒకే చోట, తోలు బంతితో పరీక్ష పెట్టండి. ఇరవై మీటర్ల పరుగు సమయం, ఎడమకు పది బంతులు, కుడికి పది బంతులు, ఒంటి వికెట్‌కు పది విసురులు. సెల్‌ఫోన్ గడియారం చాలు. ఒక నెల అంకెను చూసి పొంగవద్దు, కుంగవద్దు. పన్నెండు నెలల అంకెలు పైకి వెళ్తున్నాయా అని చూడండి. సంబంధం లేని శిక్షకుడి చేత ఒకసారి చూపించండి. సొంత అకాడమీలో చేర్చుకోవాలనుకునే వ్యక్తి తీర్పును ఒక్కదానినే నమ్మవద్దు. మండల ఎంపికలో పిల్లవాడు రెండేళ్లు వరుసగా నిలిచినప్పుడు పట్నం గురించి ఆలోచించవచ్చు. ఏ దశలోనూ బడి మాన్పించవద్దు, భూమి అమ్మవద్దు.

ఒక్కటి చివరిగా గమనించండి. ఎవరూ చూడనప్పుడు, గోడకు బంతి కొట్టి పట్టుకుంటూ పిల్లవాడు ఎంతసేపు గడుపుతున్నాడు? పిలిచినా అన్నానికి రాని ఆ గంట ఏ కొలబద్దకూ అందదు గాని, అన్ని కొలతలకూ మూలం అదే. ఆ గంట ఉన్నచోట మన ఓపికకు అర్థం ఉంటుంది. లేనిచోట ఆటను ఆటగానే ఆడనిద్దాం. వాడు సంతోషంగా ఇంటికి వస్తే అదీ లాభమే.