పెచ్చులూడిన రంగు

షోలాపురము తూర్పు పేటలలో మన నేతవారి యిండ్ల సామాను వ్రేళ్లపై లెక్కింపదగినది: బట్టల సందుగ, రెండు పీటలు, ఒక బల్ల, ఇనుప బీరువా, పసిపిల్లలున్న యింట కొయ్య తొట్టెల. ఒక తరమువారు చేయించినవానిని మరియొక తరమువారు వాడుకొనుచుందురు. 2006లో కుంభారి యొద్ద బీడీ కార్మిక స్త్రీలకై కట్టిన పదివేల యిండ్లకును, 2024 జనవరిలో అచ్చటనే రేనగరున అప్పగించిన పదునైదువేల యిండ్లకును తరలిపోయినవారిలో పలువురు ఈ పాత సామానునే బండ్లకెత్తించుకొని పోయిరి. ఎత్తునప్పుడొక దెబ్బ, దింపునప్పుడొక దెబ్బ. క్రొత్త గోడల ప్రక్క పాత సందుగ పెచ్చులూడి మరింత చిన్నబోయి కనబడును. దానిని బాగుచేయు పని సామాన్యముగా సెలవు దినములలో పిల్లలకే యప్పగింపబడును. అందువలననే ఈ పనిని గూర్చి యిచ్చట వ్రాయుచున్నాము.

మొదట రంగు ఏల పెచ్చులూడునో తెలిసికొనవలెను. నూనెరంగు తడిబట్ట ఆరినట్లు ఆరునది కాదు. అందలి పలుచని ద్రావకము ఆవిరియగును. మిగిలిన నూనె గాలిలోని ప్రాణవాయువును గ్రహించి గట్టిపడి పొరగా మారును. ఈ గట్టిపడుట ఒకనాటితో ముగియదు. ఏండ్ల తరబడి సాగుచు పొరను పెళుసు చేయును. కొయ్య యన్ననో, వానకాలమున తేమ పీల్చి ఉబ్బును, ఎండకాలమున కుంచించుకొనును. మన యూరి వేసవి నెరిగినవారికి ఇది విడమరచి చెప్పనక్కరలేదు. కొయ్యతో కూడ కదలజాలని పొర చిట్లును. చిట్లిన చోట నీరు దిగి అంచును పైకి లేపును. లేచిన అంచు కొంగు తగిలినను ఊడివచ్చును.

పడుగుకు గంజి పెట్టుట చూచిన పిల్లలకు ఇది సులభముగా బోధపడును. గంజి మితముగా పట్టిన పోగు వంగును, తెగక నిలుచును. గంజి మిక్కుటమైనచో పోగు పెళుసై, మగ్గముపై పొడి రాలును. రంగును అంతియే. దళసరిగా పూసిన పొర బలమైన పొర కాదు.

మన యిండ్లలో జరుగు పొరపాటు ఒకటి కలదు. శ్రావణ పూర్ణిమనాడు మార్కండేయ మహర్షి రథోత్సవము. బంధువులు వత్తురని, ఆ ముందువారమున, వాన తుంపర నడుమ, లేచిన పెచ్చులపైననే క్రొత్త రంగు దట్టముగా పూయుదురు. పండుగనాటికి సందుగ నిగనిగలాడును. దీపావళినాటికి ఆ క్రొత్త రంగు పాత పెచ్చును వెంటబెట్టుకొని రాలును. పునాది కదలినదానిపై ఎంత మంచి రంగు పూసినను నిలువదు. తప్పు రంగు కంపెనీది కాదు.

ఇంతకంటె పెద్ద పొరపాటు మేమే చేసితిమి. పొరుగు రాష్ట్రమున ఉపాధ్యాయ శిక్షణ ముగించుకొని వచ్చిన కొన్ని సంవత్సరములకు, మా తండ్రిగారి కాలపు తొట్టెలను మా బిడ్డ కొరకు అటుకపై నుండి దింపితిమి. దాని పసుపురంగు అక్కడక్కడ ఊడియుండెను. గదిలోనే కూర్చుండి గరుకు కాగితముతో పొడిగా రుద్దితిమి. పసుపు దుమ్ము నేలపైనను, పక్కపైనను, త్రాగునీటి బిందె మూతపైనను పడెను. మా యింటివారు చీపురుతో ఊడ్చిరి. పండ్లు వచ్చుచున్న బిడ్డ తరువాత కొన్ని నెలలు ఆ తొట్టెల అంచునే కొరుకుచుండెను. అప్పుడు మాకేమియు తోచలేదు. సీసమును గూర్చి చదివిన పిమ్మట ఆ పసుపు దుమ్ము అనేక రాత్రులు మాకు కండ్ల యెదుట కనబడినది.

రంగుకు తెలుపు, పసుపు, ఎరుపు ఛాయల నిచ్చుటకును, త్వరగా ఆరజేయుటకును సీసపు సమ్మేళనములను చిరకాలము కలుపుచు వచ్చిరి. ఇనుముపై తొలిపూతగా వాడిన సిందూరము సీసపు ఆక్సైడే. దుమ్ముగా, పెచ్చుగా ఇది పసివారి నోట బడినచో ఎదుగుచున్న మెదడునకు హాని చేయును. గ్రహణశక్తిని, ఏకాగ్రతను తగ్గించును. ఇంతవరకు చేరినను హాని లేదనదగిన మోతాదు ఏదియు లేదని ప్రపంచ ఆరోగ్య సంస్థ తెలుపుచున్నది. మన కేంద్ర ప్రభుత్వము 2016లో చేసిన నియమములచే, 2017 నవంబరు 1 నుండి యింటి రంగులలో సీసము పదిలక్షల పాళ్లకు 90 పాళ్లు మించరాదు. కాబట్టి అంతకు ముందటి రంగునంతను సీసము గలదిగానే భావించి మెలగవలెను.

అట్టి పాత సామానుపై ఊడక గట్టిగానున్న రంగును కదపవద్దు. తడిబట్టతో తుడిచి, దానిపై క్రొత్తపూత పూయుట చాలును. పెచ్చులూడినదానిని బాగుచేయుట పెద్దలు, ఇంటి వెలుపల, పసిపిల్లలు దూరముగా నున్నప్పుడు చేయవలసిన పని. దీపముతో కాల్చి రంగు నూడదీయుట బొత్తిగా కూడదు. ఆ పొగ మరింత చెరుపు. పాత తొట్టెలను బాగుచేసినను అందు బిడ్డను పరుండబెట్టవద్దని మా అభిప్రాయము. చీరతో కట్టిన ఊయల కంటె బిడ్డకు కావలసినదేమున్నది?

ఇక పని. ముందుగా సబ్బునీటితో జిడ్డును కడిగి పూర్తిగా ఆరనీయవలెను. లేచిన పెచ్చులను నీళ్లు చిలుకరించి మొద్దుకత్తితో మెల్లగా తీయవలెను. పిమ్మట నీటిలో తడుపదగిన గరుకు కాగితము తెచ్చి, తడుపుచు, పెచ్చు అంచులను రుద్దవలెను. తడియున్నంత సేపు దుమ్ము లేవదు. ఈ పనికంతకును ప్రాణము ఈ అంచు రుద్దుటలో నున్నది. పాత రంగు మెట్టువలె తటాలున తెగక, ఏటిగట్టు ఇసుకవలె క్రమముగా పలుచబడి కొయ్యలో కలిసిపోవలెను. కండ్లు మూసికొని వ్రేలితో తడిమి చూడుడు. వ్రేలికి మెట్టు తగిలినంత కాలము పని ముగియలేదన్నమాట. బురదను తడిగుడ్డతో ఎత్తవలెను. ఊడ్వరాదు.

కొయ్య బయటపడిన చోట మొదట ప్రైమరు, అది ఆరిన పిదప గుంటలలో లప్పము. చాలమంది ఈ వరుసను తారుమారు చేయుదురు. వట్టి కొయ్య లప్పములోని నూనెను పీల్చుకొనును. నూనె లేని లప్పము సుద్దముద్దయై రాలును. సుద్దపొడిని అవిసెనూనెతో పిసికి లప్పము చేసికొనుట పాత పద్ధతి. కొండపల్లి బొమ్మల పనివారు చింతగింజల జిగురును రంపపు పొట్టుతో కలిపిన మక్కుతో కొయ్యను అతికి నునుపు చేయుదురు. అది నీటికి ఓర్వదు గనుక మన సందుగకు పనికిరాదు గాని, ఒకప్పుడు నూలుకు గంజిగా వాడిన చింతగింజయే బొమ్మకును ఉపకరించుట మాకు ముచ్చట గొలుపును.

ఇనుప బీరువాకు లప్పము కంటె తుప్పు ముఖ్యము. తుప్పును మెరుపు కనబడువరకు రుద్ది, ఆనాడే రెడ్ ఆక్సైడు ప్రైమరు పూయవలెను. ఇది ఇనుప ఆక్సైడుతో చేసినది. పైన చెప్పిన సిందూరము కాదు.

రంగు కలియలేదని కొందరు దుకాణదారుతో తగవులాడుదురు. అదే డబ్బా తెచ్చినను పాత రంగుతో కలియదు. తెల్లని నూనెరంగు చీకటిలో పసుపు బారును, ముదురు రంగు ఎండకు వెలిసిపోవును. కాబట్టి పెచ్చు పోయిన చోట మాత్రమే చుక్కవలె అద్దక, ఆ పలక మొత్తము, ఒక అతుకు నుండి మరియొక అతుకు వరకు పూయవలెను. భేదమున్నను అతుకు దానిని దాచును. పలుచగా రెండు పూతలు, నడుమ డబ్బాపై వ్రాసినంత వ్యవధి. దట్టముగా పూసినచో పైపొర ముందారి, లోపలిది పచ్చిగానే యుండి, రంగు ముడుతలు పడును. మగ్గమున్న యింట నూలుపొట్టు గాలిలో తేలుచుండును గావున మగ్గములు ఆగిన దినమున పూయుట మంచిది. ఋతువు విషయమున, వానలు వెనుకబట్టిన కార్తికమును మించినది లేదు.

చివర నొక హెచ్చరిక. కుంచె తుడుచుటకు మగ్గము క్రింది చిక్కునూలు చేతికందును. అవిసెనూనె పట్టిన నూలు ఆరునప్పుడు వేడి పుట్టును. ముద్దగా పడవేసినచో ఆ వేడి వెలుపలికి పోజాలక, నిప్పు తగులకయే తనంతట తాను అంటుకొనగలదు. ఒక మూల ప్రత్తిపొట్టు, మరియొక మూల బీడీ ఆకు నిలువచేసిన యింట అది ఎంత ప్రమాదమో ఊహింపవచ్చును. అట్టి నూలును గుడ్డలను ఆరుబయట విడివిడిగా పరచి గట్టిపడునంతవరకు ఆరబెట్టవలెను, లేదా నీళ్లలో ముంచి మూత గల డబ్బాలో ఉంచవలెను. రాత్రికి గదిలో మాత్రము ఉంచవద్దు.