మాతృత్వం, వృత్తి, విశ్వాసం: మార్మన్ స్త్రీల అనుభవం

గుంటూరులోని కుగ్లర్ ఆసుపత్రి పేరు కృష్ణా డెల్టా వాసులకు కొత్త కాదు. ఆ ఆసుపత్రికి మూలపురుషుడు అనదగినవారు పురుషుడు కాదు. డాక్టర్ అనా సారా కుగ్లర్ అనే అమెరికా వనిత. ఆమె ఫిలడెల్ఫియా నగరంలోని పెన్సిల్వేనియా మహిళా వైద్య కళాశాలలో చదివి 1879లో పట్టం పుచ్చుకున్నారు. అంతకు ముందు సంవత్సరం, అనగా 1878లో, అదే కళాశాల నుంచి ఎల్లిస్ రెనాల్డ్స్ షిప్ అనే మరొక స్త్రీ వైద్య పట్టం పొందారు. కుగ్లర్ లూథరన్ క్రైస్తవురాలు, అవివాహిత. షిప్ మార్మన్ మతానికి చెందిన ఇల్లాలు, చిన్నబిడ్డల తల్లి. ఇద్దరినీ వైద్యసేవకు పురికొల్పినది మతవిశ్వాసమే. కాని బిడ్డలు లేని స్త్రీకీ, ఒడిలో బిడ్డ ఉన్న స్త్రీకీ ఆ పిలుపు ఒకే తీరున వినిపించదు కదా! ఇల్లు, కొలువు, దైవం అనే మూడింటి నడుమ ఆ తల్లులు తమ బ్రతుకును ఎట్లా సర్దుకున్నారు? దానిని గురించి వారేమి ఆలోచించారు? ఈ ప్రశ్న దూరదేశపు ముచ్చట మాత్రమే కాదు.

మార్మన్లు ఎవరో ముందుగా తెలుసుకోవడం మంచిది. 1830లో అమెరికాలోని న్యూయార్కు రాష్ట్రంలో జోసెఫ్ స్మిత్ అనే యువకుడు ఒక సంఘాన్ని స్థాపించాడు. కడవరి దినాల పరిశుద్ధుల యేసుక్రీస్తు సంఘమని దాని పూర్తి పేరు. బైబిలుతోపాటు మార్మన్ గ్రంథమనే మరొక గ్రంథాన్ని కూడా వారు పవిత్రంగా ఎంచుతారు. అందువల్ల తక్కిన క్రైస్తవ సంఘాలలో అనేకం వారి సిద్ధాంతాలను అంగీకరించవు. ఇరుగుపొరుగుల ద్వేషానికి గురియై స్మిత్ 1844లో హతుడు కాగా, ఆయన అనుయాయులు బ్రిగమ్ యంగ్ నాయకత్వాన బండ్లు కట్టుకొని పడమటికి సాగి, 1847లో యూటా ప్రాంతంలోని ఉప్పుసరస్సు లోయలో స్థిరపడ్డారు. ఆ రోజులలో వారిలో కొందరు పురుషులకు పెక్కుమంది భార్యలు ఉండేవారు. ఆ ఆచారాన్ని విడనాడుతున్నట్లు సంఘం 1890లో ప్రకటించింది.

వారి స్త్రీలకు మొదటినుంచీ ఒక ప్రత్యేక సమాజం ఉన్నది. దాని పేరు రిలీఫ్ సొసైటీ, అనగా ఉపశమన సమాజం. 1842 మార్చి 17వ తేదీన ఇలినాయ్ రాష్ట్రంలోని నావూ పట్టణంలో ఇరవైమంది స్త్రీలు కూడి దీనిని ప్రారంభించారు. బీదసాదలను ఆదుకోవడం, రోగులను చూడడం, ధర్మపాఠాలు చెప్పుకోవడం దాని పనులు. 1872 నుంచి 1914 వరకు సాల్ట్‌లేక్ నగరంలో ‘ఉమన్స్ ఎక్స్‌పొనెంట్’ అనే పత్రికను మార్మన్ స్త్రీలే నడిపారు. వోటు హక్కు మొదలు పసిబిడ్డల పెంపకం దాకా తమ మనసులోని మాటలను వారు అందులో వ్రాసుకున్నారు. యూటా స్త్రీలకు 1870లోనే వోటు లభించింది. 1887లో కేంద్ర చట్టం దానిని తీసివేసింది. యూటా రాష్ట్రమైన 1896లో మరల చేతికి వచ్చింది. మన మద్రాసు రాజధానిలో స్త్రీలకు వోటు 1921లో వచ్చినదని జ్ఞాపకం చేసుకుంటే ఆ సమాజం ఎంత ముందడుగు వేసిందో బోధపడుతుంది.

1873 ప్రాంతంలో సంఘనాయకులు స్త్రీలను వైద్యం చదవవలసిందిగా కోరారు. స్త్రీకి పురుడు పోయడానికి స్త్రీయే తగినదని వారి అభిప్రాయం. ఆ పిలుపు విని బయలుదేరినవారిలో రొమానియా ప్రాట్ ఒకరు. ఆమె చదువు ఖర్చుకు తన పియానోను అమ్ముకొని, పిల్లలను తల్లికి అప్పగించి వెళ్ళి, 1877లో పట్టం పొందారు. ఎల్లిస్ షిప్ కథ ఇంకను విశేషమైనది. ఇంట నలుగురు లేవకముందే తెల్లవారుజామున నాలుగు గంటలకు లేచి పుస్తకం పట్టే అలవాటు ఆమెకు ఉండేది. 1875 నవంబరులో ముగ్గురు కుమారులను సవతుల చేతిలో ఉంచి ఆమె రైలెక్కారు. మరుసటి వేసవిలో ఇల్లు చూడవచ్చి గర్భవతి అయ్యారు. మరల వెళ్ళవద్దని భర్త అన్నా ఆగలేదు. 1877లో ఫిలడెల్ఫియాలోనే ఆడబిడ్డను కని, ఆ బిడ్డను సాకుతూనే మరుసటి ఏడు పరీక్షలు ముగించారు. తిరిగివచ్చి సాల్ట్‌లేక్ నగరంలో ప్రసూతి, నర్సు విద్యల పాఠశాల పెట్టి జీవితకాలంలో సుమారు 500 మంది స్త్రీలకు ఆ విద్య నేర్పారు. ఆమె కన్న పదిమంది బిడ్డలలో పలువురు పసితనాన్నే పోయారు. అటువంటి తల్లి మంత్రసానులను తయారుచేయడానికి జీవితాన్ని ధారపోయడంలో ఆశ్చర్యమేమున్నది?

ఆమె పట్టుదలను మెచ్చుకొని ఊరుకుంటే కథలో సగమే తెలిసినట్లు. ఆమె దినచర్య పుస్తకం నిండా పిల్లల కోసం పడిన బెంగ ఉన్నది. ఆ బెంగను భరించి ఆమె చదువగలగడానికి కారణం, ఇంట మరికొందరు స్త్రీలు ఆ బిడ్డలకు అన్నం పెట్టి, స్నానం చేయించి, జ్వరం వస్తే మేలుకొని కూర్చోవడం. బహుభార్యాత్వం స్త్రీలకు తెచ్చిపెట్టిన దుఃఖాలు ఎన్నో; దానిని ఎవరూ సమర్థించనక్కరలేదు. ఐనా ఈ ఒక్క సత్యాన్ని గుర్తించాలి. డాక్టర్ షిప్ పట్టం మీద ఒక పేరే ఉన్నది. దాని వెనుక ఉన్న చేతులు అనేకం.

ఇక గుంటూరు సంగతి. కుగ్లర్ 1883లో ఇక్కడికి వచ్చేనాటికి ఆమెను పంపిన సంఘం వైద్యసేవకు సిద్ధంగా లేదు. అందువల్ల బడి పనికీ, ఘోషా స్త్రీల ఇండ్లకు వెళ్ళి చదువు చెప్పడానికీ ఆమెను నియమించారు. ఐతే పురుష వైద్యుని కంటబడడానికి ఇష్టపడని స్త్రీలు పురిటి కష్టాలలో ఆమె గుమ్మం తట్టసాగారు. 1885లో ఆమెను వైద్య సేవకే నియమించారు. 1893లో మందులశాల, 1898లో ఆసుపత్రి వెలిశాయి. తెలుగు బాలికలు నర్సు పని నేర్చారు. 1930లో ఆమె గుంటూరులోనే కన్నుమూశారు. నలభై ఆరు సంవత్సరాలకు పైబడిన ఆ సేవలో ఆమెకు సొంత ఊయల లేదు. ఇతరుల ఊయలలకు కాపలా కాయడమే ఆమె ధర్మమయింది.

అదే కళాశాల నుంచి 1886లో మహారాష్ట్రకు చెందిన ఆనందీబాయి జోషి పట్టం పొందారు. పదునాలుగేండ్ల వయసులో కన్న బిడ్డ పదిరోజులకే పోగా, తగిన వైద్యం లేనందువల్లనే పోయిందని ఎంచి, హిందూ ధర్మాచారాలను విడువకుండానే సముద్రం దాటి చదివిన ధీరురాలు ఆమె. స్వదేశానికి తిరిగివచ్చిన కొద్ది నెలలకే, 1887 ఫిబ్రవరిలో, క్షయవ్యాధితో మరణించారు.

మన ప్రాంతంలోనే పుట్టిన భండారు అచ్చమాంబను కూడా ఈ వరుసలో తలచుకోవాలి. నందిగామలో 1874లో జన్మించిన ఆమె, తమ్ముడు కొమర్రాజు లక్ష్మణరావు సహాయంతో చదువుకున్నారు. కన్నబిడ్డలు చిన్నతనంలోనే గతించారు. ఆ శూన్యాన్ని ఆమె పుస్తకాలతోను, సేవతోను నింపుకొని ‘అబలా సచ్చరిత్ర రత్నమాల’ వ్రాశారు. 1902లో ఓరుగంటి సుందరీ రత్నమాంబతో కలిసి మచిలీపట్నంలో బృందావన స్త్రీసమాజం స్థాపించారు. విద్య నేర్చిన స్త్రీ గృహధర్మానికి దూరమవుతుందనే వాదానికి పూర్వకాలపు పుణ్యస్త్రీల చరిత్రలతోనే ఆమె సమాధానం చెప్పారు. 1905లో, ముప్పదియొక్క ఏండ్లయినా నిండకముందే ఆమె అస్తమించారు.

కుగ్లర్‌కు పిల్లలు లేరు. ఆనందీబాయి, అచ్చమాంబ బిడ్డలను పోగొట్టుకున్నారు. షిప్ బిడ్డలను ఇతరులు పెంచారు. ఆ తరంలో బయటి పనికి పూనుకొన్న స్త్రీకి ఈ మూడు దారులలో ఏదో ఒకటి తప్పలేదని తోస్తుంది. బిడ్డను ఒడిలో ఉంచుకొనే పని చేయగల నాలుగవ దారి కావాలంటే ఏమి చేయాలి?

ఇరవయ్యవ శతాబ్దిలో మార్మన్ స్త్రీలను ఈ ప్రశ్నే వేధించింది. పూర్వం స్త్రీలను కళాశాలకు పంపిన సంఘమే తరువాతి కాలంలో తల్లి స్థానం ఇల్లేనని గట్టిగా చెప్పసాగింది. 1987లో సంఘాధ్యక్షుడు ఎజ్రా టాఫ్ట్ బెన్సన్ తల్లులు ఉద్యోగాలు మాని ఇంటికి రావలసిందిగా కోరారు. కొందరు స్త్రీలు ఆ మాటను దైవవాక్కుగా పాటించి కొలువులు వదిలారు. తప్పనిసరియై కొలువు చేస్తున్నవారిలో కొందరు నొచ్చుకున్నారు. 1995లో సంఘం వెలువరించిన కుటుంబ ప్రకటన పోషణ బాధ్యత ప్రధానంగా తండ్రిదనీ, పెంపకం బాధ్యత ప్రధానంగా తల్లిదనీ చెప్పింది. ఐతే ఇరువురూ సమాన భాగస్వాములై ఒకరికొకరు తోడ్పడాలనీ, పరిస్థితులను బట్టి మార్పులు ఉండవచ్చుననీ చేర్చింది.

ఈ లోపల ఆ స్త్రీలు మౌనంగా ఉండలేదు. 1974లో బోస్టన్ ప్రాంతపు మార్మన్ గృహిణులు కొందరు పూర్వపు పత్రిక పేరునే తీసుకొని ‘ఎక్స్‌పొనెంట్ 2’ అనే పత్రిక ప్రారంభించారు. అందులో ఒకరు లారెల్ థాచర్ ఉల్రిచ్, ఐదుగురు బిడ్డల తల్లి. పిల్లలను పెంచుతూ నెమ్మదిగా చదివి 1980లో డాక్టరేటు పొందిన ఆమె, మార్తా బాలార్డ్ అనే పాతకాలపు మంత్రసాని దినచర్యను పరిశోధించి వ్రాసిన గ్రంథానికి 1991లో పులిట్జర్ బహుమానం వచ్చింది. 1785 నుంచి 1812 వరకు సాగిన ఆ దినచర్యలో 816 పురుళ్ళ లెక్క ఉన్నది. అర్ధరాత్రి మంచులో నది దాటి పురుళ్ళు పోయడానికి మార్తాకు వీలు చిక్కినది ఎట్లా? ఎదిగిన కుమార్తెలు ఇంట వంటా వార్పూ, నూలు వడకడం, బట్ట నేయడం చూచుకున్నందువల్ల. వారు పెళ్ళిళ్ళై వెళ్ళిన తరువాత ఆమెకు పని భారమైనది. ఎల్లిస్ షిప్ ఇంట కనబడిన సత్యమే ఇక్కడా కనబడుతున్నది.

మరొకరు చీకో ఒకజాకీ. హవాయి ద్వీపంలో తోటకూలీలుగా బ్రతికిన జపానీయ బౌద్ధ కుటుంబంలో 1926లో పుట్టి, పదునైదవ ఏట మార్మన్ మతంలో చేరారు. ఇద్దరు కుమారులను పెంచుతూనే ఉపాధ్యాయినిగా, ప్రధానోపాధ్యాయినిగా పనిచేశారు. అటువంటి స్త్రీయే 1990 నుంచి 1997 వరకు రిలీఫ్ సొసైటీ అగ్రనాయకత్వంలో ఉండడం ఉద్యోగినులైన తల్లులకు ఊరట కలిగించింది. సంఘం నడిపే ధర్మపాఠశాలలలో పూర్తికాలపు అధ్యాపికలు తల్లులైతే ఉద్యోగం మానవలసి ఉండేది. ఆ నిబంధనను 2014లో తొలగించారు. పౌరోహిత్యాధికారం మాత్రం ఆ సంఘంలో పురుషులకే ఉన్నది.

ఈ మతం తెలుగునాటికీ వచ్చింది. సమోవా ద్వీపంలో ఉద్యోగరీత్యా ఉంటూ ఆ సంఘంలో చేరిన ఎడ్విన్, ఎల్సీ ధర్మరాజు దంపతులు 1978 డిసెంబరులో హైదరాబాదు వచ్చి తమ బంధువులకు దానిని తెలిపారు. 2012లో భారతదేశంలోకెల్లా మొదటి మార్మన్ మండలం హైదరాబాదులోనే ఏర్పడింది. స్థానిక సంఘాలలో జీతం పుచ్చుకొనే బోధకులు ఉండరు. స్త్రీలు, పురుషులు తమ కొలువులు ముగించుకొని సంఘపు పని చేస్తారు. అందువల్ల ఉద్యోగినియైన తెలుగు మార్మన్ తల్లికి ఇల్లు, ఆఫీసు గాక మూడవ బాధ్యత కూడా ఉంటుంది. ఐతే సాటి స్త్రీలు ఒకరినొకరు వెళ్ళి చూచుకోవడం ఆమె మతంలో ఒక నియమం. పురిటింటికి వంట చేసి పంపడం, బిడ్డను కాసేపు ఎత్తుకోవడం అక్కడ దయ కాదు, విధి.

మన డెల్టాలో ఈ విధిని ఏ సంఘమూ నియమించలేదు. అమ్మమ్మలు, నాయనమ్మలు తామే నెత్తిన వేసుకున్నారు. విజయవాడలో కొలువు చేసే కోడలి బిడ్డ అత్తగారి ఒడిలోనో, పల్లె నుంచి వచ్చిన తల్లి ఒడిలోనో పెరగడం మనం చూస్తూనే ఉన్నాము. ఇక నాట్లకూ, కలుపుతీతకూ వెళ్ళే కూలి తల్లికి ఇల్లా, పనియా అనే ప్రశ్నే లేదు. గట్టున చెట్టుకొమ్మకు పాతచీర ఉయ్యాల కట్టి, పెద్దపిల్లను బడి మాన్పించి కాపలా పెట్టి ఆమె మడిలోకి దిగింది. తల్లి కూలి మనకు కనబడింది. ఆ పెద్దపిల్ల పోగొట్టుకొన్న చదువు ఏ లెక్కలోనూ ఎక్కలేదు.

2005 నాటి గ్రామీణ ఉపాధి హామీ చట్టంలో ఒక మంచి నిబంధన చేర్చారు. పని చోటికి ఆరేండ్లలోపు పిల్లలు ఐదుగురు గాని అంతకు మించి గాని వస్తే, కూలీలలో ఒక స్త్రీని వారిని చూచుకోవడానికి నియమించి, ఆమెకూ కూలి ఇవ్వాలన్నారు. బిడ్డను ఎత్తుకోవడం కూడా పనియేనని చట్టం ఒప్పుకొన్న సందర్భం అది.

తల్లి ఇంట ఉండాలా, కొలువుకు వెళ్ళాలా అని మతపెద్దలు, సంఘసంస్కర్తలు నూటయేబది సంవత్సరాలుగా వాదించుకుంటున్నారు. మార్మన్ స్త్రీల చరిత్ర ఆ వాదంలో ఒక పక్షాన్ని గెలిపించదు. వాదించేవారు మరచిన మరొక స్త్రీని అది ముందుకు తెస్తుంది. ఎల్లిస్ షిప్ సవతి, రొమానియా ప్రాట్ తల్లి, మార్తా బాలార్డ్ కుమార్తె, మన ఇంటి అత్తగారు, పొలం గట్టున ఉయ్యాల ఊపే ఎనిమిదేండ్ల పిల్ల: వీరి పనిని లెక్కించకుండా తల్లి ధర్మాన్ని నిర్ణయించడం న్యాయం కాదు. మాతృత్వం పవిత్రమని బోధించే ప్రతి మతమూ, స్త్రీ శ్రమ దేశానికి అవసరమని చెప్పే ప్రతి ప్రభుత్వమూ, ఆ పవిత్రతలోను, ఆ శ్రమలోను తమ వంతు పంచుకోవాలి. ఇంటిలో ఉన్న తండ్రి అందరికన్న ముందుగా పంచుకోవాలి.