రైతుబిడ్డకు తగిన శాస్త్రవిద్య

పదవ తరగతి ముగియగానే, "ఇక చదివించినచో సేద్యము విడుచును" అని కొందఱు రైతులు బిడ్డల చదువు మాన్పించుచున్నారు. సేద్యమును విడువని శాస్త్రవిద్య కలదని వారికి మనవి చేయుచున్నాము. బాపట్లలో 1945లోనే వ్యవసాయ కళాశాల వెలసినది. పదవ తరగతి పిమ్మట రెండేండ్ల వ్యవసాయ డిప్లొమా కలదు. ఇంటర్మీడియెట్‌లో బైపీసీ చదివినవారికి నాలుగేండ్ల బి.ఎస్సీ. కలదు. 2019లో ఆంధ్రప్రదేశ్ గ్రామ సచివాలయములలో వ్యవసాయ సహాయకుల నియామకమునకు ఈ రెండు చదువులును అర్హతలయ్యెను. విత్తన సంస్థలలోను, భూసార పరీక్షాశాలలలోను పని కలదు. ఉద్యోగము దొరకకున్నను ఈ విద్య వ్యర్థము కాదు. మన్ను పరీక్షించి, తగినంతయే ఎరువు వేయు నేర్పు సొంత చేనికే లాభము. కావున సభ్యులు కొడుకునకే గాక కూతురునకును ఈ చదువు చెప్పింపవలెనని కోరుచున్నాము.